వెచ్చని నీరు చల్లని నీటి కింద ఎలా నిలుస్తుంది? ఉత్తర ధ్రువ సముద్రపు పొరల గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: గార ఉపాధ్యాయిని (శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. నేను గార మండలంలో ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతున్నాను. పోయిన వారం ఉష్ణసంవహనం పాఠం చెబుతూ, బీకరు అడుగున పొటాషియం పర్మాంగనేటు పలుకు ఒకటి వేసి, కింద దీపం పెట్టి, వేడెక్కిన నీరు ఎర్రటి తీగలా పైకి లేచి, చల్లబడి మళ్ళీ పక్కలనుంచి దిగడం పిల్లలకు చూపించాను. వేడి నీరు తేలిక కాబట్టి పైకి, చల్లని నీరు బరువు కాబట్టి కిందికి అని బోర్డు మీద రాసి, అందరి చేతా చెప్పించాను.

మర్నాడు ఒక అమ్మాయి, వాళ్ళ అన్నయ్య దగ్గర చూసిన పటాన్ని నోటుపుస్తకంలో గీసుకొని వచ్చింది. ఆర్కిటిక్ మహాసముద్రంలో, స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన, నీటిని పైనుంచి కిందికి కొలిచినప్పటి ఉష్ణోగ్రతల పటమది. మంచు కిందనే మైనస్ 1.7 డిగ్రీలు, 300 మీటర్ల లోతున ప్లస్ 2 డిగ్రీలు, 2000 మీటర్ల దగ్గర మళ్ళీ మైనస్ 0.8 డిగ్రీలు అని ఉంది. "వేడి నీరు పైకి రావాలి కదా టీచర్, మరి ఇది మధ్యలో ఎందుకు ఆగిపోయింది?" అని అడిగింది. నాలుగు డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువుగా ఉంటుందన్న సంగతి చెప్పి సమాధానపరచబోయాను గాని, చెబుతున్నప్పుడే ఆ జవాబు నాకే సరిగ్గా అతకలేదు. రేపు చెబుతానని చెప్పి కూర్చోబెట్టాను.

నా సందేహాలు రెండు. మొదటిది, ఆ అమ్మాయి అడిగిందే. రెండోది, అంత విశాలమైన వెచ్చని నీరు అడుగున ఉండగా పైనున్న మంచు కరగకుండా ఎలా నిలుస్తోంది? తెలిసినవారు ఓపికగా వివరిస్తే పిల్లల ముందు నిలబడి సరైన మాట చెప్పగలుగుతాను.

జవాబు 1: విజయనగరం పాఠకుడు

టీచరు గారూ, మీ విద్యార్థిని గీసిన పటం నిజం. మీరు బోర్డు మీద రాసిన మాట కూడా తప్పు కాదు. అయితే మీ బీకరులో నీరంతా ఒకే ఉప్పదనం కలది కాబట్టి, అక్కడ బరువును నిర్ణయించే అధికారం వేడి ఒక్కదానికే దక్కింది. సముద్రంలో ఆ అధికారం వేడికీ ఉప్పుకీ పంచబడి ఉంటుంది. నేను విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్రశాస్త్రం చదువుకున్న రోజుల్లో మా గురువుగారు ఈ పంపకం గురించే పదేపదే చెప్పేవారు.

ముందుగా ఆ నాలుగు డిగ్రీల మాట పక్కన పెట్టండి. అది మంచినీటి లక్షణం, చెరువులకూ సరస్సులకూ వర్తిస్తుంది. కిలో నీటిలో ఉప్పు సుమారు 24.7 గ్రాములు దాటితే ఆ లక్షణం పోతుంది. అంతకు మించిన ఉప్పదనం గల సముద్రపు నీరు గడ్డకట్టే దాకా, అంటే దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దాకా, చల్లబడిన కొద్దీ బరువెక్కుతూనే ఉంటుంది. మీకు ఆ జవాబు అతకకపోవడం సబబే.

అసలు కీలకం వేరే చోట ఉంది. నీరు వేడికి వ్యాకోచించే తీరు అన్ని ఉష్ణోగ్రతల వద్దా ఒకేలా ఉండదు. మన బంగాళాఖాతంలో 28 డిగ్రీల దగ్గర నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఘనపు మీటరుకు సుమారు 330 గ్రాముల బరువు తగ్గుతుంది. సున్నా డిగ్రీల దగ్గర అదే ఒక్క డిగ్రీకి తగ్గేది 60 గ్రాములకు అటూఇటూ మాత్రమే. అంటే నీరు చల్లబడిన కొద్దీ వేడి మాటకు విలువ పడిపోతుంది. ఉప్పు సంగతి అలా కాదు. కిలో నీటికి ఒక గ్రాము ఉప్పు పెరిగితే, ఎక్కడైనా సరే, ఘనపు మీటరుకు ముప్పాతిక కిలోకు పైగానే బరువు పెరుగుతుంది.

ఇప్పుడు మీ పటంలోని రెండు నీళ్ళను పక్కపక్కన పెట్టి తూచి చూద్దాం. పైపొర ధ్రువపు నీరు: మైనస్ 1.7 డిగ్రీలు, కిలోకు 32 గ్రాముల ఉప్పు అనుకుంటే, ఘనపు మీటరు సుమారు 1025.8 కిలోలు తూగుతుంది. మూడు వందల మీటర్ల లోతున ఉన్నది అట్లాంటిక్ మహాసముద్రంనుంచి వచ్చిన నీరు: ప్లస్ 2 డిగ్రీలు, 34.9 గ్రాముల ఉప్పు, సుమారు 1027.9 కిలోలు. (లోతులో పీడనం వల్ల పెరిగే బరువును రెంటికీ వదిలేశాను.) వెచ్చగా ఉండటం వల్ల అట్లాంటిక్ నీటికి కలిసొచ్చిన తేలికదనం 200 గ్రాములే, ఉప్పు వల్ల మీద పడిన బరువు 2.3 కిలోలు. ఆ నీరు పైకి రావాలన్నా రాలేదు.

ఇక పైనున్న ఆ తేలిక నీరు ఎక్కడిది? ఓబ్, యెనిసేయ్, లీనా, మెకెంజీ వంటి మహానదులన్నీ ఆ ఒక్క సముద్రంలోకే వచ్చి పడతాయి. ప్రపంచ సముద్రాల నీటిలో ఆర్కిటిక్ వాటా నూటికి ఒక వంతు మాత్రమే కాగా, ప్రపంచ నదుల నీటిలో సుమారు పదో వంతు దానిలోకే చేరుతుంది. దీనికి తోడు, దాదాపు 85 కిలోమీటర్ల వెడల్పు, 50 మీటర్ల లోతు మాత్రమే ఉన్న బేరింగ్ జలసంధి గుండా పసిఫిక్ నుంచి కొంత తక్కువ ఉప్పు నీరు వస్తుంది. వేసవిలో కరిగే మంచు సంగతి చెప్పనక్కరలేదు.

అట్లాంటిక్ నీటి ప్రయాణం మరీ ఆసక్తికరం. నార్వే తీరం వెంట ఉత్తరానికి పోతూ, దారి పొడవునా గాలికి వేడిని ఇచ్చుకుంటూ, అది రెండు పాయలుగా చీలుతుంది. ఒక పాయ బారెంట్స్ సముద్రంలోకి మళ్ళుతుంది. మరొకటి స్వాల్‌బార్డ్ పడమటి అంచు వెంట, గ్రీన్‌లాండ్‌కూ స్వాల్‌బార్డ్‌కూ మధ్య ఉన్న ఫ్రామ్ జలసంధి గుండా పోతుంది. అక్కడ దానికి మంచు ఎదురవుతుంది. ఎదురైన మంచును కరిగిస్తుంది, కరిగిన మంచు తేలిక నీరై దాని మీదే కప్పులా పరచుకుంటుంది. అక్కడినుంచి అట్లాంటిక్ నీరు ఆ కప్పు కిందికి దూరి, ఖండపు వాలు వెంట అపసవ్యంగా సముద్రమంతా చుట్టుతూ, దాదాపు 150 మీటర్లనుంచి 900 మీటర్ల దాకా ఒక పొరగా నిలుస్తుంది. ఫ్రామ్ జలసంధి దగ్గర మూడు డిగ్రీలకు అటూఇటూ ఉన్న నీరు, చుట్టి చుట్టి కెనడా వైపు లోతుకు చేరేసరికి ఒక డిగ్రీకి లోపే మిగులుతుంది.

మీ రెండో సందేహానికి జవాబు ఇందులోనే ఉంది. కింది వేడి మంచును చేరాలంటే గాలి, అలలు నీటిని అడుగుదాకా కలపాలి. తేలిక నీరు పైన, బరువు నీరు కింద ఉన్నప్పుడు వాటిని కలపడమంటే బరువును పైకి ఎత్తడమే, దానికి ఎంతో శక్తి కావాలి. పైగా మంచు పరుచుకున్న చోట గాలికి నీటి మీద పట్టు తక్కువ. ఈ రెండు నీళ్ళ మధ్య, ఉప్పదనం వేగంగా పెరిగే మేరను హాలోక్లైన్ అంటారు, అక్కడ రెండూ కొంత కొంత కలిసి ఉంటాయి. మంచుకు కాపలా అదే.

ఈ సంగతిని మొదట పసిగట్టినవాడు నార్వేకు చెందిన ధ్రువ అన్వేషకుడు నాన్సెన్. 1893నుంచి 1896 దాకా "ఫ్రామ్" ఓడను మంచులో ఇరికించి, మంచుతోపాటే కొట్టుకుపోతూ లోతులు కొలిచాడు. సముద్రం అంత లోతు ఉండదనుకొని చాలినంత తాడు తీసుకుపోలేదు. చివరికి ఓడలోని ఉక్కు మోకు పేటలు విప్పి, నాలుగు వేల మీటర్లకు పైగా పొడవున్న తాడు పేనుకోవలసివచ్చింది. ఆ తాడుకు వేలాడిన ఉష్ణమాపకమే, రెండు వందల మీటర్లు దాటాక సున్నాకు పైన చూపించి, ఇది అట్లాంటిక్‌నుంచి వచ్చిన నీరు అని చెప్పింది.

జవాబు 2: నౌపడ ఉప్పు రైతు

నేను పెద్ద చదువులు చదువుకున్నవాణ్ణి కాను, నౌపడలో తాతల నాటినుంచి ఉప్పు పండిస్తున్న కుటుంబం మాది. పై జవాబు చదివాక, ఉత్తర ధ్రువం దాకా పోనక్కరలేకుండా మా మడుల్లోనే పిల్లలకు ఈ విషయం చూపించవచ్చని అనిపించి రాస్తున్నాను.

ఎండాకాలంలో మడిలో నీరు చిక్కబడి, ఉప్పు నీటి చిక్కదనాన్ని కొలిచే బోమే గొట్టం పెడితే 25 డిగ్రీలకు (ఇవి వేడి డిగ్రీలు కావు, చిక్కదనపు గీతలు) వచ్చి, ఉప్పు పలుకు కట్టబోయే సమయంలో ఒక్కోసారి అకాల వర్షం పడుతుంది. తెలియనివారు ఆ వాన నీరు మడి నీటిలో కలిసిపోయిందనుకుంటారు. గాలి లేకపోతే అది కలవదు. చిక్కని నీటి మీద జానెడు వాన నీరు విడిగా నిలుస్తుంది. మేము పరుగున వెళ్ళి, గట్టును పైపైనే కొద్దిగా కోసి, అడుగు నీరు కదలకుండా ఆ తేట నీటిని జార్చేస్తాం. గాలి లేచేలోపు ఈ పని కాకపోతే రెండూ కలిసిపోయి, పదిహేను రోజుల కష్టం వెనక్కి పోతుంది.

అలా వాన నీరు నిలిచిన మడిలో మర్నాడు మధ్యాహ్నం ఎండ కాసిన తరువాత కాలు పెట్టి చూడండి. పిక్క దగ్గర నీరు చల్లగా తగులుతుంది, పాదం దగ్గర మాత్రం కాగిన నీటిలా ఉంటుంది. ఎండ వేడి అడుగు నీటిని పట్టుకుంటుంది గాని, ఆ నీరు ఉప్పు బరువుతో పైకి లేవలేక వేడిని తనలోనే దాచుకుంటుంది. చిన్నప్పుడు నాన్నగారు నా చేయి పట్టుకొని ఆ మడిలో దింపి, "పైన వాన, కింద ఎండ" అని చెప్పడం ఇప్పటికీ గుర్తు.

నాకూ ఒక సందేహం ఉంది. మా దగ్గర నీరు ఆవిరై పోతే ఉప్పు మిగులుతుంది. సముద్రం గడ్డకట్టినప్పుడు మంచులోకి ఉప్పు పోదని విన్నాను. అలాంటప్పుడు విడిపోయిన ఆ ఉప్పంతా ఏమవుతుంది?

జవాబు 3: బొబ్బిలి పరిశోధక విద్యార్థి

ఉప్పు రైతు గారి ప్రశ్న ఈ చర్చలో తప్పిపోయిన ముడిని సరిగ్గా పట్టుకుంది. దానికి జవాబు చెబుతూనే, మొదటి జవాబులోని ఒక వాక్యాన్ని సవరించవలసి ఉంది, పెద్దలు అన్యథా భావించవద్దు.

హాలోక్లైన్‌లో పై నీరూ కింది నీరూ కొంత కొంత కలిసి ఉంటాయని ఆయన రాశారు. అది నిజంగా కలయికే అయితే ఒక పరీక్షకు నిలవాలి. ఒక గ్రాఫు కాగితం మీద అడ్డంగా ఉప్పదనం, నిలువుగా ఉష్ణోగ్రత వేసి, పైపొరకు ఒక చుక్క, అట్లాంటిక్ పొరకు ఒక చుక్క పెట్టండి. రెండు నీళ్ళను ఏ పాళ్ళలో కలిపినా వచ్చే మిశ్రమం ఆ రెండు చుక్కలను కలిపే గీత మీదే పడాలి. ఉప్పు సగం పెరిగితే వేడి కూడా సగం పెరగాలి. కాని కొలిచి చూస్తే, దాదాపు 50 మీటర్లనుంచి వంద మీటర్లు దాటేదాకా ఉప్పదనం 34 గ్రాముల వైపు పెరుగుతూ పోతుంది, ఉష్ణోగ్రత మాత్రం గడ్డకట్టే స్థాయి దగ్గరే ఉండిపోతుంది. చుక్కలు గీత మీద పడవు, దాని కింద వేలాడతాయి. అంటే అక్కడున్నది ఆ రెంటి మిశ్రమం కాదు, వేరే చోట తయారై వచ్చిన మూడో నీరు.

ఆ చోటు ఏదో 1981లో ఆగార్డ్, కోచ్‌మన్, కార్మాక్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు వివరించారు. సైబీరియాకు ఉత్తరాన కారా, లాప్తెవ్ వంటి సముద్రాలు చాలా మేర వంద మీటర్ల లోతైనా లేని తీరపు మెరకలు. చలికాలంలో నేల మీదినుంచి వీచే గాలి అక్కడి మంచును ఒడ్డునుంచి నెట్టేస్తూ ఉంటే, తెరుచుకున్న నీరు మళ్ళీ గడ్డకడుతూ ఉంటుంది. గడ్డకట్టిన ప్రతిసారీ మంచు తనలోని ఉప్పులో ఎక్కువ భాగాన్ని చిక్కని ద్రవంగా కిందికి విడుస్తుంది. ఉప్పు రైతు గారు అడిగిన ఉప్పు చేరేది ఇక్కడికే. అలా గడ్డకట్టేంత చల్లగానూ, ఉప్పగానూ తయారైన నీరు మెరక అంచు దాటి లోతు సముద్రంలోకి జారుతూ, తన బరువుకు సరిపోయిన మట్టం రాగానే, పైపొరకు దిగువన, అట్లాంటిక్ నీటికి ఎగువన, అడ్డంగా పరచుకుంటుంది. మరీ బరువెక్కిన నీరు ఇంకా లోతుకు దిగిపోతుంది. స్వాల్‌బార్డ్‌లోని స్టోర్‌ఫియోర్డ్ అందుకు పేరుపొందిన చోటు.

బారెంట్స్ సముద్రానికి ఉత్తరాన, మంచు కరిగి తేలికబడిన అట్లాంటిక్ నీరు చలికాలంలో లోతుదాకా చల్లబడి, ఆ తరువాత నదుల నీటి కిందికి చేరి హాలోక్లైన్‌గా మారుతుందన్న మరో వివరణ కూడా ఉంది. రెండు దారులూ పనిచేస్తున్నాయని నేను భావిస్తున్నాను. ఏ దారిన వచ్చినా ఫలితం ఒకటే: మంచు కింద ఉన్న పలుచని పొరను గాలి ఎంత కలియబెట్టినా, దాని కింద తగిలేది వెచ్చని నీరు కాదు, మళ్ళీ చల్లని నీరే. టీచరు గారి రెండో సందేహానికి అసలు జవాబు ఈ చల్లని హాలోక్లైన్ అని నా ఉద్దేశం. ఉప్పు తేడా మాత్రమే ఉండి ఈ చలి లేకపోతే, ప్రతి తుపానుకూ కొంత వేడి మంచును చేరేది.

గార ఉపాధ్యాయిని

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న తరగతిలో ఒక ప్రయోగం చేశాము. ఒకే కొలత మూతి గల రెండు గాజు సీసాలు తీసుకొని, ఒకదానిలో వేడి నీరు పోసి, నాలుగు చెంచాల ఉప్పు కరిగించి, ఎర్ర సిరా చుక్కలు వేశాము. రెండోదానిలో కుండలోని చల్లని నీరు నింపి, మూతి మీద పోస్టుకార్డు పెట్టి, తలకిందులు చేసి మొదటి సీసా మీద నిలబెట్టి, కార్డును మెల్లగా లాగేశాము. పాఠం ప్రకారం ఎరుపు పైకి ఎగబాకుతుందని సగం తరగతి పందెం కాసింది. ఎరుపు కదలలేదు. రెండు సీసాల మూతులు కలిసిన చోట కత్తితో కోసినట్టు గీత నిలిచింది. ఉప్పు లేకుండా అదే ప్రయోగం మళ్ళీ చేస్తే, కార్డు తీయగానే పై సీసా అంతా ఎర్రబడింది.

అయితే పటం గీసిన అమ్మాయి అక్కడితో ఊరుకోలేదు. పది నిమిషాల తరువాత పై సీసా మీద చేయి పెట్టి, "ఎరుపు పైకి రాలేదు గాని వేడి వచ్చింది టీచర్" అంది. నేనూ తాకి చూశాను, నిజమే, గోరువెచ్చగా ఉంది. రంగు దాటని గీతను వేడి ఎలా దాటింది?

విజయనగరం పాఠకుడు

ముందుగా, బొబ్బిలి విద్యార్థి చేసిన సవరణను అంగీకరిస్తున్నాను. కలయిక అన్న మాట నేను తొందరలో వాడాను, అది సరికాదు.

ఆ అమ్మాయి అరచేత్తో పట్టుకున్న విషయం చాలా గొప్పది. నీటిలో వేడి పాకే వేగం ఉప్పు పాకే వేగం కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. అందువల్ల గీత దగ్గర ఉప్పూ సిరా ఆగిపోతాయి, వేడి మాత్రం దాటిపోతుంది. దాటిన వేడికి గీత పైనున్న నీరు తేలికై లేస్తుంది, వేడి పోగొట్టుకున్న గీత కింది నీరు బరువై దిగుతుంది. రెండు వైపులా నీరు తనలో తాను కలియతిరుగుతూ ఉంటుంది గాని, గీత మాత్రం చెదరదు. కెనడా వైపు లోతులో అట్లాంటిక్ నీటి పైఅంచున ఇదే జరిగి, సముద్రం మెట్లు కట్టుకుంటుంది. ఒకటి రెండు మీటర్ల మందాన ఒకే ఉష్ణోగ్రత గల పొర, ఆపై పలుచని గీత, మళ్ళీ ఒక పొర, ఇలా పదుల సంఖ్యలో మెట్లు వందల కిలోమీటర్ల మేర పరుచుకొని ఉంటాయి. ఆ మెట్ల గుండా పైకి ఎక్కే వేడి చదరపు మీటరుకు ఒక వాటుకు కూడా చేరదు. అక్కడ మంచు నిలవడానికి ఇదీ ఒక కారణం.

అయితే ఈ కాపలా అన్ని చోట్లా ఒకేలా లేదు. బారెంట్స్ సముద్రపు ఉత్తర భాగంలోకి కొట్టుకొచ్చే మంచు తగ్గిపోవడంతో, అది కరిగి ఇచ్చే తేలిక నీరు కరువై, పైపొర ఉప్పెక్కి, అట్లాంటిక్ నీటితో సులువుగా కలిసిపోతోందని 2018లో నార్వే పరిశోధకులు చూపించారు. అంతకు ముందు ఏడాది, సైబీరియా వైపు లోతులో హాలోక్లైన్ బలహీనపడి అట్లాంటిక్ వేడి మంచును చేరుతున్నదన్న పరిశీలన వెలువడింది, దానికి "అట్లాంటికీకరణ" అనదగిన పేరు కూడా వాడుకలోకి వచ్చింది. మంచు తగ్గితే తేలిక నీరు తగ్గుతుంది, తేలిక నీరు తగ్గితే కాపలా సడలుతుంది, సడలితే మంచు ఇంకా తగ్గుతుంది. ఈ చక్రమే నన్ను ఆందోళన పెడుతుంది. స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫియోర్డ్‌లో మన దేశం 2014 జూలైలో 192 మీటర్ల లోతున "ఇండార్క్" అనే పరికరాల లంగరును దింపింది. అట్లాంటిక్ నీరూ ధ్రువపు నీరూ ఒకదాన్నొకటి తోసుకునే చోటది, మన శాస్త్రవేత్తలు అక్కడ ఏడాది పొడవునా ఉప్పదనమూ ఉష్ణోగ్రతా కొలవడం సాధ్యమైంది.

పిల్లలకు చెప్పవలసిన మరో మాట ఉంది. ఉత్తర బంగాళాఖాతంలో కూడా చలికాలంలో పై నీరు చల్లగా, కింది నీరు వెచ్చగా ఉండటం శాస్త్రవేత్తలకు బాగా తెలిసిన విషయమే. వానాకాలంలో గంగా, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన నీరు పైనే పరుచుకొని, పుష్య మాసపు గాలికి చల్లబడినా, ఉప్పు తక్కువ కావడం వల్ల కిందికి దిగదు. వానలు వెనుకబట్టాక ఆ తేలిక నీరు తీరం వెంట దక్షిణానికి, మన కళింగపట్నం ముందునుంచే ప్రవహిస్తుంది.

గార ఉపాధ్యాయిని

అలాగైతే కార్తీక మాసంలో వంశధార మొగ దగ్గరే కొలిచి చూడాలని ఉంది. పైనా, అడుగునా నీరు విడివిడిగా ఎలా తీయాలో ఎవరైనా చెప్పగలరా?

నౌపడ ఉప్పు రైతు

సీసా అడుగున రాయి కట్టి, మూతికి బిరడా బిగించి, బిరడాకు వేరే తాడు కట్టండి. అనుకున్న లోతుకు దిగాక ఆ తాడు గట్టిగా లాగితే బిరడా ఊడి, ఆ లోతు నీరే నిండుతుంది. పైకి లాగేటప్పుడు మూతి దగ్గర కొంచెం పై నీరు కలుస్తుంది, దాన్ని పారబోయండి. పిల్లల్ని ఒడ్డున ఉంచి, మొగ తెలిసిన పడవవాళ్ళతో పెద్దలే వెళ్ళాలి, అక్కడ పాటు సమయంలో లాగుడు ఎక్కువ. బోమే గొట్టం నా దగ్గర రెండు ఉన్నాయి, ఒకటి మీ బడికి తెచ్చి ఇస్తాను. అయితే అది మా చిక్కని నీటికి చేసినది, నది నీటికీ సముద్రపు నీటికీ తేడా మూడు నాలుగు గీతలు మాత్రమే ఉంటుంది. కంటిని నీటి మట్టానికి సమంగా ఉంచి చదవమని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.